"పోతాయి" అనకూడదు

రెండువేల సంవత్సరం. ఫిల్మ్‌నగర్‌లో మొన్నటిదాకా డబ్బింగ్ థియేటర్‌గా ఉండి, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీగా మారిన మేడ. యజమాని, సినీ నిర్మాత బసవపున్నయ్య తన గదిలో కళ్ళు మూసుకుని వింటున్నాడు. కంపెనీ కొత్త మాన్యువల్ రాసిన స్ఫూర్తి ఆయనకు దాన్ని వినిపిస్తోంది.

"ఆపమ్మా, ఆపు. ఆ చివరి మాట మళ్ళీ అను."

"ఏ మాట సార్?"

"అదే. ఏదో పోతాయన్నావ్."

"అది హెచ్చరిక సార్. 'ఈ ఆజ్ఞ ఇస్తే ఆ పట్టికలో అంతకుముందున్న వివరాలన్నీ పోతాయి. తిరిగి రావు.' గంతే."

"గంతేనా? రెండు వాక్యాల్లో రెండు అశుభాలు పలికి గంతే అంటావేంటమ్మా! శుక్రవారం పుస్తకం రిలీజు పెట్టుకుని, అందులో పోతాయట, తిరిగి రావట."

"పుస్తకంల ఇంగ్లీషులనే ఉన్నది సార్. మీరు కథ చెప్పినట్టు చెప్పమన్నరని తెలుగుల చెప్తున్న."

"ఏ భాషలో ఏడిస్తే ఏంటి?"

"ఇప్పుడు మీరే అన్నరు సార్, ఏడిస్తే అని."

"నేనంటే నోటి మాట. గాలికి పోతుంది. నువ్వు అచ్చేస్తున్నావ్."

"జర మీరే ఒకసారి చదివి చూస్తే మంచిగుంటది సార్. పొద్దుగాల్నుంచి చెప్పి చెప్పి నా గొంతు పోయింది."

"మళ్ళీ పోయింది అంటావ్! ఇన్నేళ్ళు ఇండస్ట్రీలో ఉన్నాను, ఒక్క స్క్రిప్టు చదివిన పాపాన పోలేదు తల్లీ. వింటాను. నచ్చిందా, కొబ్బరికాయ. నచ్చలేదా, కాఫీ ఇచ్చి పంపిస్తాను. నీది బానే ఉంది, నేను కాదనను. ఇద్దరూ ఒకే దానికోసం పట్టుబట్టి, నువ్వు వదులు అంటే నువ్వు వదులు అని ఎవరూ కదలకుండా నిలబడిపోతారు చూడు, ఆ సీనూ..."

"డెడ్‌లాక్ సార్."

"అదీ. అదిరింది. అక్కడ ఇంటర్వెల్ వేసుకోవచ్చు. సెకండాఫ్‌లోనే ఈ పోవడాలూ, రాకపోవడాలూ."

"సార్, గీ ఒక్క వాక్యం కోసమే నేను ఈ పుస్తకం మొత్తం మళ్ళ రాసిన. మిగతాదంతా తీసేయమన్నా తీసేస్త."

"అంత గొప్ప వాక్యమా అది?"

"మనం అమ్మేది లైబ్రరీ కద సార్."

"తెలుసమ్మా. ప్రోగ్రాములు రాసుకునేవాళ్ళకి కావలసిన ముక్కలు మనం రెడీగా రుబ్బి ఇస్తాం. పిండి మనది, దోసె వాళ్ళది. నువ్వేగా చెప్పావు మొదటిరోజు. దోసె మాడితే పిండి కొట్టువాడిదా తప్పు?"

"మాడేది పెనం మీద కాదు సార్, తప్పు పిండిలనే ఉన్నది. డేటాబేస్ భాగంల 'ఓపెన్ టేబుల్' అని ఒక ఆజ్ఞ. పేరు చూస్తే పట్టిక తెరుస్తది అనుకుంటరు. కానీ ఆ పేరుతోని పట్టిక ముందే ఉన్నదనుకోండి, దాన్ని శుభ్రంగ తుడిచేసి, ఖాళీది పెడ్తది. పాత మాన్యువల్‌ల దాని గురించి ఒక్కటే ముక్క ఉన్నది, 'పట్టికను తెరుచును' అని."

"తెరుచును. నిజమేగా."

"ఇంటి తలుపు తీసి, సామానంత బయట పారేసి, నేను తలుపు తీసిన అంతే అన్నట్టు సార్."

"అలాంటప్పుడు ఆ ఆజ్ఞనే బాగుచేసుకోకూడదూ? పుస్తకం మీద పడ్డావెందుకు?"

"అది రాసింది రఘునందన్ సార్. హైటెక్ సిటీల ఎక్కువ జీతమిస్తమన్నరని పోయిండు. ఆయన రాసింది ముట్టుకుంటే ఇంకేడ ఏం ఊడుతదో ఈడ ఎవ్వలికీ తెల్వదు. అందుకే కనీసం పుస్తకంలనన్న చెప్దామని."

"చెప్పొద్దనడం లేదమ్మా. మంచిగా చెప్పమంటున్నాను. మా ఇంట్లో డబ్బాలో బియ్యం అయిపోతే మా ఆవిడ శేషారత్నం ఏమంటుంది? నిండుకున్నాయంటుంది. దీపం ఆరిపోతే కొండెక్కిందంటుంది. వెళ్ళేవాడు కూడా వెళ్తానని అంటాడా? వస్తానంటాడు. అదీ సంస్కారం."

"ఇంట్ల సరే సార్. డబ్బా ఖాళీ అని అందరికీ ముందే ఎరుక. ఎక్కడో కూసోని పుస్తకం చదివెటోనికి ఎట్ల తెలుస్తది? పట్టిక నిండుకొనును అంటే నిండుగ ఉన్నదనుకుంటడు."

"అనుకుంటే మంచిదేగా, సంతోషంగా ఉంటాడు."

"సార్!"

"సరే, సరే. రాసుకో. 'ఈ ఆజ్ఞ ఇచ్చినచో పట్టిక సరికొత్త శోభతో వెలుగొందును.' ఎలా ఉంది?"

"వెలుగుతది సార్. లోపల ఏముండది."

"ఎంత మొండిదానివమ్మా!"

"పోనీ, పోతాయి తీసేస్త. 'జాగ్రత్త' అని ఒక్క మాట పెడ్దామా?"

"జాగ్రత్త అంటే ప్రమాదం ఉన్నట్టే."

"'ఒకసారి సరిచూసుకోండి'?"

"చూసుకోమంటే మన మీద మనకే అనుమానం ఉన్నట్టు."

"'ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి'? దీంట్ల అశుభం ఏమున్నది సార్?"

"పీటల మీద కూర్చోబెట్టి, విడాకుల లాయరు నంబరు దగ్గర పెట్టుకోండి అన్నట్టుంది. పోనీ ఒక పని చేద్దాం. సినిమా మొదట్లో వేస్తాం చూడు, అది వేయిద్దాం. 'ఇందులోని పేర్లు, సంఘటనలు కేవలం కల్పితం.' ఇక ఏ గొడవా ఉండదు."

"ఇది మాన్యువల్ సార్! కల్పితం అని రాసుకుంటే ఎవ్వరు వాడుతరు?"

"సినిమాలు చూడ్డం లేదూ?"

"నాకు ఏడుపొస్తున్నది సార్, నిజంగ చెప్తున్న. లీలాకుమారి ఆంటీ సంగతి మీకు ఎరుకనే కద."

"ఏ లీలాకుమారి?"

"కృష్ణానగర్‌ల షూటింగులకు డ్రెస్సులు, కిరీటాలు, నగలు కిరాయికిస్తరు. మీ సినిమాలక్కూడ ఇచ్చిన్రంట."

"ఆవిడా! మంచి మనిషి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు."

"ఆమె బిడ్డ లాస్య కంప్యూటర్ కోర్సు చేసి, మన లైబ్రరీ పెట్టుకుని షాపుకు ప్రోగ్రాం రాసింది. ఏ డ్రెస్సు ఏ కంపెనీకి పోయింది, ఏ కిరీటం ఏ షూటింగ్‌ల ఉన్నది, అన్నీ కూసోని, ప్రోగ్రాం తెరవకుండనే, వేరేగ పట్టికల ముందే ఎక్కించి పెట్టింది. ప్రారంభానికి మిమ్మల్ని పిలిచిన్రు. మీరేమో ముహూర్తానికి ముందు ఎవ్వరూ ప్రోగ్రాం తెరవొద్దని కబురు పెట్టిన్రు."

"పెట్టనూ? ముహూర్తం కాకుండా కెమెరా స్విచాన్ చేస్తామా?"

"ఒక్కసారి ట్రయల్ చూసుకుంటా అంటే లాస్యను చూడనియ్యలేదు సార్. చూసుకున్నోళ్ళకు తప్పు ముందే దొరికిపోతది. ముహూర్తం దాక ఆగినోళ్ళకే దెబ్బ. మీరొచ్చి కొబ్బరికాయ కొట్టి, మీట నొక్కిన్రు. ప్రోగ్రాం తెరుచుకోంగనె దాంట్ల మొదటి ఆజ్ఞ గదే. ఎక్కించినవన్నీ పోయినయ్."

"గుర్తుంది నాకు. స్క్రీను మీద ఒక్క అక్షరం లేకుండా ఎంత శుభ్రంగా ఉందో. అందరూ చప్పట్లు కొట్టారు."

"చప్పట్లు కొట్టినంక ఏడ్చిన్రు సార్. అప్పటికి మీరు టిఫినుకు పోయిన్రు."

"నాతో ఒక్కరూ అనలేదే!"

"మీ ముందర ఎట్లంటరు? యముని కిరీటం ఎవ్వరి దగ్గరున్నదో ఆంటీకి ఇప్పటిదాక తెల్వదు. ఏ కంపెనీకి పోయి అడిగినా, మాకియ్యలేదమ్మా అంటున్నరు. అంతే గద, మీకిచ్చిన అని చూపెట్టనీకి ఆమె దగ్గర ఏమున్నది? జంగయ్య గారి విగ్గుల షాపుల కూడ గిదే కథ. ఆడ కూడ మీరే నొక్కిన్రు."

"నేను నొక్కింది మీట. తుడిచింది అది."

"గదే పుస్తకంల రాస్తనంటున్న సార్! ఇంకెవ్వరికీ గిట్ల కానియ్యనని లాస్యకు మాటిచ్చిన. ఎర్రగడ్డల ప్రెస్సోడు మధ్యాహ్నం మెషీన్ ఎక్కిస్తడు. ఆ వాక్యం తీసేసుడే అయితే, రేపటి సంది నేను పనికి రాను."

"తలుపు వెయ్యి."

"సార్?"

"తలుపు వేసి కూర్చో. చూడమ్మా, నువ్వు తెలివైనదానివి, నీ దగ్గర దాపరికమెందుకు. ఈ శకునాలూ దుశ్శకునాలూ నేను నమ్ముతాననుకున్నావా? నా మొదటి సినిమా అమావాస్యనాడు మొదలెట్టాను. ఆరోజయితే స్టూడియో అద్దె సగమే అన్నారు."

"ఆడిందా సార్?"

"గుంటూరులో వంద రోజులు. అది కాదు విషయం. మా లాయరు సత్యనారాయణమూర్తి గారున్నారే, ఆయన ఒక మాటన్నాడు. బసవపున్నయ్యా, కొత్త పుస్తకంలో ఆ హెచ్చరిక వేశావంటే, పాత పుస్తకంలో వెయ్యకపోవడం తప్పేనని నువ్వే సంతకం పెట్టి ఇచ్చినట్టు. అందరూ కోర్టుకెక్కుతారు. తెలిసి దాచాడంటే కేసు. పాపం అశుభం పలకడు అంటే భక్తుడు. నువ్వు ఏదవుతావో తేల్చుకో అన్నాడు."

"అంటే... బియ్యం, దీపం, సంస్కారం, అన్నీ?"

"నెరేషన్ తల్లీ, కథ చెప్పడం. నువ్వు నాకు చెప్పావ్, నేను నీకు చెప్పాను."

"ఛీ. మిమ్మల్ని కాదు సార్. నన్ను నేను అనుకుంటున్న. మీకు నిజంగ పట్టింపు ఉన్నదేమో, మంచి మాటల చెప్తే వింటరేమో అని ఎన్ని తీర్ల రాసి చూసిన నేను!"

"కోప్పడకమ్మా. నాకూ మనసుంది. కానీ ఇప్పుడు కేసంటే వీలుకాదు. మా అల్లుడు రవిచంద్ర అడ్వాన్సు పట్టుకుని రోజూ బంజారాహిల్స్‌లో హీరోగారింటికి వెళ్ళి కూర్చుంటున్నాడు. ఆయన డేట్లిస్తే నేను మళ్ళీ నిర్మాతని. ఇవ్వకపోతే ఈ పిండి కొట్టే నాకు గతి. ఇస్తానన్న మనిషి ఎందుకో తాత్సారం చేస్తున్నాడు. ఈలోగా కోర్టు నోటీసంటే ఇక అయినట్టే."

"మీ సినిమా కోసం వాళ్ళ షాపులు మునగాల్నా సార్?"

"మునగడం అనకు. ఎవరో తలుపు కొడుతున్నారు. రండి!"

"లోపలికి రావచ్చాండీ? నేనండి, లీలాకుమారిని."

"ఓహో! నూరేళ్ళాయుష్షు మీకు. ఇప్పుడే మీ మాట అనుకుంటున్నాం. రండమ్మా, కూర్చోండి."

"నమస్కారం బాబుగారూ. స్ఫూర్తమ్మా, నువ్వూ ఉన్నావా."

"నమస్తే ఆంటీ. కూసోండి, చాయ్ చెప్తా."

"వద్దమ్మా, వద్దు. ఈ గడప దగ్గరే బావుంది నాకు. ఒక్క మాట చెప్పి వెళ్ళొస్తాను. అదేనండి, శుక్రవారం గురించి. మా చెల్లెలు కౌసల్య వెంగళరావు నగర్‌లో టైలరింగు షాపు పెట్టింది కదండీ, దాంట్లో కంప్యూటరు ప్రారంభం. మీ లైబ్రరీతోనేనండి. మిమ్మల్ని పిలిచింది."

"గుర్తుందమ్మా. వస్తాను."

"అహ, అదేనండి చెప్పొచ్చేది. మీరు రానక్కర్లేదు."

"అదేం మాటమ్మా! పుస్తకం రిలీజు చూసుకుని నేరుగా అక్కడికే."

"మీకెందుకండీ శ్రమ. ఎండలు."

"ఏసీ కారు."

"ఆ సందుల్లో కారు తిరగదు బాబూ."

"సందు మొదట్లో దిగి నడుచుకుంటూ వస్తాను."

"అయ్యబాబోయ్, నడవకండి!"

"ఏంటమ్మా అంత కంగారు?"

"కంగారేం లేదండి. పెద్దవారు, మీరు ఇక్కణ్ణుంచే ఆశీర్వదించండి. ఫోన్లో ఒక్క మాట... ఫోను కూడా వద్దులెండి. మనసులో అనుకోండి, చాలు."

"మీ షాపులో అలా జరిగిందని నా మీద కోపంగా ఉన్నారా లీలాకుమారి గారూ?"

"రామరామ, కోపమెందుకండీ! మీరు కావాలని చేశారా? అది ఒకరి చేతుల్లో ఉండేదా? పుట్టుకతో వచ్చేది."

"ఏది?"

"ఏదో లెండి."

"ఏది పుట్టుకతో వచ్చేది?"

"నా నోటితో ఎందుకు బాబూ, శుభమా అని రిలీజు పెట్టుకున్నారు."

"చెప్పండమ్మా, ఫర్వాలేదు."

"సార్‌కు అశుభం మాటలు పడవు ఆంటీ. జర మంచి మాటల చెప్పండి."

"నువ్వుండవమ్మా! లీలాకుమారి గారూ, చుట్టూ తిప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పండి."

"మీ పాదం కాస్త... బలమైనదండి."

"బలమైనదా?"

"ఇనపదని అంటున్నారండి కృష్ణానగర్‌లో. నేననలేదు. ఐరన్ లెగ్గంటారు చూడండి."

"నన్నా? ఐరన్... నన్నా!"

"అందుకే చెప్పనన్నాను. మా షాపులో మీరు అడుగుపెట్టి నొక్కారు, ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. జంగయ్య గారి విగ్గుల షాపులో అడుగుపెట్టి నొక్కారు, అక్కడా అంతే. జనం ఏమనుకుంటారండీ మరి?"

"అది నా పాదం కాదమ్మా! అది ఓపెన్ టేబుల్! ఆజ్ఞ! పట్టిక ముందే ఉంటే పాతదంతా తుడిచేసి, ఖాళీది పెడుతుంది. నా తప్పేం లేదు. స్ఫూర్తీ, చెప్పు ఆవిడకి!"

"నేనా సార్? నోటి మాటకు ఏముంది, గాలికి పోతది కద."

"స్ఫూర్తీ!"

"మా లాస్య కూడా అదే అంది బాబూ. ఏదో ఆజ్ఞ, పట్టిక అని. అయితే పుస్తకంలో ఉండాలి కదే అన్నాను. ఆ పుస్తకం పట్టుకొచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, దానితోనే అట్ట నుంచి అట్ట దాకా చదివించి చెప్పించుకున్నాను. ఎక్కడా లేదండి. తెరుచును అని ఉంది, అంతే. ఇంత పెద్ద కంపెనీ, ఇంతమంది చదువుకున్నవాళ్ళు, అంత నష్టం జరిగే సంగతే ఉంటే రాయకుండా ఉంటారా? రాయలేదంటే ఏంటి? అది కాదనేగా. అది కాకపోతే ఇంకేముందండీ, పాదం తప్ప?"

"ఈ మాట ఎంతదాకా వెళ్ళింది?"

"ఎక్కువేం లేదండి. కృష్ణానగర్, ఇదుగో ఈ ఫిల్మ్‌నగర్. ఆ, నిన్న హీరోగారి మేకప్‌మేన్ విగ్గు కోసం జంగయ్య గారి షాపుకొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. నిజమేనా అమ్మా అని నన్నే అడిగాడు."

"హీరోగారి మేకప్‌మేనా?"

"మీ అల్లుడుగారు రోజూ వాళ్ళింటికొచ్చి కూర్చుంటున్నారటగా. హీరోగారి అమ్మగారు సీతామహాలక్ష్మి గారికి ఒకటే బెంగట. అల్లుడి కాలుకూడా మామగారి కాలు లాంటిదేనా, కనుక్కుని రమ్మన్నారట."

"మీరేమన్నారు?"

"అల్లుడు కదండీ, రక్తసంబంధం లేదు, భయపడకండి అన్నాను. నా చేతనయిన సాయం."

"నాకు మంచినీళ్ళివ్వండి ఎవరన్నా."

"తీసుకోండి సార్. నిదానం."

"స్ఫూర్తీ, ఆ ప్రెస్సుకి ఫోన్ చెయ్యి. మెషీను ఆపమను."

"ఏమైంది సార్? 'సరికొత్త శోభతో వెలుగొందును' అని రాద్దామనుకున్నం కద."

"శోభా లేదు, గీభా లేదు! నువ్వు రాసిందే వెయ్యి. పోతాయి అనే వెయ్యి. తిరిగి రావు అనే వెయ్యి."

"శుక్రవారం రిలీజు సార్."

"శుక్రవారం కాకపోతే అమావాస్యనాడు చేద్దాం!"

"మరి లాయర్ గారు? హెచ్చరిక వేస్తే తప్పు ఒప్పుకున్నట్టే, అందరూ కోర్టుకు పోతరన్నరు."

"ఎక్కనీ! కోర్టంటే వాయిదాలుంటాయి, మనవలదాకా లాగొచ్చు. పాదానికి వాయిదాలున్నాయా తల్లీ? ఐరన్ లెగ్గని ఒకసారి పడితే ఈ ఊళ్ళో నాకు మంచినీళ్ళు పుట్టవు. ఆ పేజీలోనే కాదు, మొదటి పేజీలో కూడా వెయ్యి. తప్పు మా కంపెనీదే అని వెయ్యి. పాత పుస్తకంలో రాయకపోవడం కూడా మా తప్పేనని వెయ్యి. వివరాలు పోయినవాళ్ళకి మా మనుషులే వచ్చి మళ్ళీ అన్నీ ఎక్కించిపెడతారని వెయ్యి."

"జర మెల్లగ సార్, రాసుకుంటున్న. 'మా మనుషులే వచ్చి మళ్ళీ ఎక్కించి పెడతారు.' యముని కిరీటం కూడ ఎతుకుతరా?"

"వెతుకుతారు! లీలాకుమారి గారూ, విన్నారుగా. ఇప్పుడైనా నమ్ముతారా?"

"మీరు అంతగా చెప్తుంటే కాదంటానా బాబూ. పుస్తకంలో పడ్డాక మా లాస్యతో చదివించుకుంటాను. ఆ మేకప్‌మేన్‌కీ ఒకటి ఇస్తాను. అంతదాకా శుక్రవారం మాత్రం..."

"రానమ్మా, రాను! మనసులో కూడా అనుకోను!"

"ఇంకేమన్న కలపాల్నా సార్, ప్రెస్సోడు లైన్‌ల ఉన్నడు."

"కలుపు. 'ఈ మీట ఎవరు నొక్కినా వివరాలన్నీ పోతాయి.' రాశావా? ఆ 'ఎవరు నొక్కినా' అన్నది మాత్రం, నీకు పుణ్యముంటుంది, వాల్‌పోస్టరంత అక్షరాలతో వేయించమ్మా."